చిలుము

మొదటి రోజే తప్పు చేయబోయాను.
ఒక చేతిలో నిమ్మచెక్క, ఒక చేతిలో ఉప్పు,
గాజు బీరువాలో మూడు కాళ్ల మీద ఒంటరిగా నిలబడ్డ
ఆ పచ్చటి గిన్నె దగ్గరికి వెళ్లాను.
తోమి ఎన్నాళ్లయిందో పాపం, అనుకున్నాను.
చక్రాల కుర్చీలోంచి థ్వెయిట్ గారు అరిచిన అరుపు
విట్బీ రేవులో పక్షులక్కూడా వినబడి ఉంటుంది.
"ఆ రంగుకి మూడువేల ఏళ్లు పట్టింది!"

మా ఇంట్లో చిలుము అంటే సిగ్గు.
చింతపండు, బూడిద, కొబ్బరి పీచు,
గిన్నెలో ముఖం కనబడేదాకా మోచేతులకు సెలవు లేదు.
ఈ ఇంట్లో చిలుమే ఆస్తి.

ఆయన చూపు అప్పటికే ముప్పాతిక పోయింది.
"ఇవాళ ఏ రంగులో ఉంది?" పొద్దున్నే అడిగేవాడు.
పచ్చ, అనేదాన్ని.
"ఏ పచ్చ?"
నలభై ఏళ్లు మందుల కొట్టు నడిపినవాడు,
కొలత లేని మాట పుచ్చుకోడు.
కంచుకాగడా పట్టుకుని వెతికాను మాటల కోసం.
నానిన పెసరపొట్టు.
ముక్కు దగ్గర, పాలపిట్ట రెక్క విప్పినప్పటి నీలం.
తోక కొసన, ఆరి రాలబోయే గోరింటాకు.
ఇంగ్లీషులో తడబడితే
"నీ భాషలోనే చెప్పు, చప్పుడు బాగుంది" అన్నాడు.

పొట్ట మీద ముఖం ఉందని తెలియడానికి రెండు వారాలు.
అంతవరకు అవి మెలికల ముగ్గు.
ఒక సాయంత్రం దీపం పక్కకు జరిపితే
రెండు గుడ్లు పొడుచుకొచ్చి నన్నే చూశాయి.
కింది దవడ లేని జంతువు.
ఏం మింగుతుంది ఇది? అన్నాను.
"చూసినవాళ్లని." నవ్వలేదు.

కాళ్ల మధ్య వేలు పెట్టించాడు. మసి.
ఎవరో నిజంగానే నిప్పు మీద పెట్టారు, మద్యం వెచ్చబెట్టారు.
పిడి వెనక, వేలికి మాత్రమే అందే చోట రెండక్షరాలు:
ఒకటి నాన్న,
రెండోది ఆయనకు పెట్టే రోజు పేరు.
మాకూ ఉంది ఆ లెక్క, తద్దినం అంటాం, అన్నాను.
తద్-దినం, తద్-దినం,
మాత్ర చప్పరించినట్టు రోజంతా చప్పరించాడు.

సముద్రం వైపు కిటికీ ఇరవై ఏళ్లుగా తెరవలేదు.
ఉప్పుగాలి సోకితే కంచుకి తెగులు,
లేత పచ్చటి పిండి రాలుతూ లోపల్నుంచి తినేస్తుంది.
చిలుము వేరు, తెగులు వేరు.
నాకది నేర్పుతూ తన మాత్రలు మరిచిపోయేవాడు.

సమాధిలోంచి ఎవరు తీశారు దీన్ని?
"దొంగ. వాడి దగ్గర ఇంకో దొంగ.
చివర్లో స్కార్‌బరోలో ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తుంటే
గొడుగుల పక్కన, నలభై పౌండ్లకి, నేను."
టీ చల్లారేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఏజెన్సీ కాగితాలు సర్దుతుంటే తెలిసింది,
బీరువాలో ఒకప్పుడు ఏడు ఉండేవని.
నాకు ముందున్న పోలండ్ అమ్మాయి ఒక మూతగిన్నె.
రాత్రి నర్సు ఒక గంట, ఒక కూజా.
తుంటి విరిగిన చలికాలం, మూడు.
నేను ఈ మూడు కాళ్లది.
వేలం వాళ్లు చెప్పిన ధర చూసి వేళ్ల మీద లెక్కేశాను,
కమీషన్లు పోను, పద్నాలుగు నెలల నేను.
నాన్నకి అని ఎవరో పోసిన కంచుతో
ఎవరికీ నాన్న కాని ఆయనకు గడ్డం గీస్తున్నాను.

గురువారం ఇద్దరొచ్చారు, తెల్ల చేతితొడుగులతో.
"ఏ రంగు?" అన్నాడు ఆఖరిసారి.
మీరన్నదే, అన్నాను. మాట దొరకలేదు.

వ్యాను వెళ్లిపోయాక
బీరువా అడుగున దుమ్ములో మూడు చుక్కలు.
గుడ్డ నా చేతిలోనే ఉంది.
"కిటికీ తియ్యి," అన్నాడు.
రంగు గడ్డకట్టి చట్రం కదల్లేదు,
వంటింటి కత్తితో చుట్టూ కోసి, భుజం పెట్టి తోశాను.
పక్షులు, డీజిలు, చేపలు, చలి
అన్నీ ఒక్కసారే లోపలికొచ్చాయి.

పెదవి తడుపుకున్నాడు.
"ఉప్పు," అన్నాడు.